బైకు షెడ్డులో పని నేర్చుకునే కుర్రాడికి ఎంత ఇవ్వాలి, ఎలా ఇవ్వాలి

శ్రీకాకుళం, విజయనగరం షెడ్డుల్లో "పని నేర్పడమే జీతం" అనే మాట ఇంకా నడుస్తోంది. చేరిన రోజు నుంచే గుంటడు బండ్లు కడుగుతాడు, చక్రాలు విప్పుతాడు, బజారుకెళ్ళి పార్టులు తెస్తాడు. ఆ పనులకు ఇంకొకణ్ణి పెడితే కూలి ఇవ్వక తప్పదు కదా! మొదటి రెండు నెలలు మేస్త్రి సమయం ఎక్కువ పోతుంది, నిజమే. అందుకని తక్కువతో మొదలుపెట్టొచ్చు గానీ, సున్నాతో కాదు.

ముందు అతని ఖర్చు కట్టండి. ఊరి నుంచి రానూపోనూ బస్సు, మధ్యాహ్నం భోజనం కలిపి రోజుకు 80 రూపాయలైతే 26 రోజులకు 2,080. ఇంతకు తగ్గితే ఇంటివాళ్ళే మీ షెడ్డుకు ఎదురు డబ్బు పెడుతున్నట్టు. వరికోతలు రాగానే కూలికి పోయి తిరిగిరాని కుర్రాళ్ళలో చాలామంది సంగతి ఇదే.

నలుగురు అంతకు మించి పనిచేసే చోట కుర్రాణ్ణి అప్రెంటిస్‌గా (పని నేర్చుకునేవాడిగా) కేంద్రం అప్రెంటిస్‌షిప్ పోర్టల్లో నమోదు చేసుకోవచ్చు. 30 మంది, అంతకు మించి ఉన్న సంస్థలకు అప్రెంటిస్‌లను తీసుకోవడం తప్పనిసరి. 2019లో సవరించిన నిబంధనలు నెలకు కనీస స్టైపెండ్ (నేర్చుకునే కాలంలో ఇచ్చే భత్యం) 5 నుంచి 9 తరగతులు చదివినవాళ్ళకు 5,000, పది పాసైతే 6,000, ఇంటర్ లేదా ఐటీఐ అయితే 7,000 రూపాయలుగా పెట్టాయి. రెండో ఏడు 10 శాతం పెంచాలి, అంటే పది పాసైనవాడికి 6,600. కేంద్రం పథకంలో స్టైపెండ్‌లో 25 శాతం, గరిష్ఠంగా నెలకు 1,500 ప్రభుత్వం భరిస్తుంది. ఒప్పందం నమోదు కాకపోతే ఇవేవీ వర్తించవు. చట్టం కంట్లో అతను మామూలు పనివాడే, కనీస వేతనం అడగొచ్చు.

ఇద్దరే ఉన్న షెడ్డులో పెంపును నెలలకు కాదు, పనులకు ముడిపెట్టండి. ఆయిల్ మార్చడం, చైను బిగువు సరిచేయడం, ఎయిర్ ఫిల్టరు, ప్లగ్గు చూడటం పక్కన ఎవరూ లేకుండా చేయగలిగితే ఒక పెంపు. బ్రేక్ షూలు, క్లచ్ ప్లేట్లు, కార్బురేటర్ వస్తే ఇంకొకటి. ఇంజిన్ విప్పి బిగిస్తే మూడోది. పరీక్ష కూడా ముందే చెప్పండి. ఉదాహరణకు చైను వదులు బండి పుస్తకంలో ఉన్నంతే ఉండాలి (100 సీసీ బండ్లలో చాలావాటికి 20 నుంచి 30 మిల్లీమీటర్లు), చక్రం తిప్పుతూ నాలుగైదు చోట్ల కొలవాలి. ఒక్కచోటే కొలిస్తే సాగిన చైను దొరకదు.

జీతం దగ్గర గొడవలు ఎక్కువగా నష్టం కోతల వల్లే వస్తాయి. కొత్తవాడు ఇంజిన్ ఆయిల్ దించే డ్రెయిన్ బోల్టు బలం కొద్దీ బిగిస్తాడు, అల్యూమినియం కేసులో మరలు అరిగిపోతాయి. ఆ ఖర్చు కోస్తే రెండోసారి బోల్టు పాడైనా చెప్పడు, సీలెంటు పూసి పంపేస్తాడు. దారిలో ఆయిల్ కారి ఇంజిన్ పట్టేస్తే మీకు పోయేది ఎన్నో రెట్లు. నేర్చుకునేటప్పుడు పాడైనవి షెడ్డు ఖర్చు, దాచిపెడితేనే తప్పు అని మొదటి రోజే చెప్పేయండి. బోల్టు ఎంత బిగించాలో అంతే బిగించనిచ్చే టార్క్ రెంచి ఒకటి కొనివ్వండి, అది కోతల కంటే చవక.

తండ్రికి పెద్ద అడ్వాన్సు ఇచ్చి, అది తీరేదాకా పిల్లాణ్ణి కదలనివ్వకపోవడం ఇక్కడ మామూలు. అది 1976 నాటి వెట్టిచాకిరి నిషేధ చట్టం కిందికి వస్తుంది. 14 నిండనివాణ్ణి అసలు పెట్టుకోకండి. 18 నిండేదాకా వెల్డింగ్, గ్యాస్ కటింగ్ ముట్టుకోనివ్వకండి.

ఇదంతా ఒక కాగితం మీద రాసి, కుర్రాడు, ఇంటి పెద్ద, మీరు సంతకాలు పెట్టండి. నెల మొత్తం, పెంపు వచ్చే పనులు, వారపు సెలవు, సిరిమాను జాతర, సంక్రాంతి రోజులకు జీతం ఉందో లేదో అందులో ఉండాలి. డబ్బు 7వ తేదీలోపు అతని బ్యాంకు ఖాతాలోనే వేయండి. పెద్దవాళ్ళ చేతికిస్తే కుర్రాడికి తన సంపాదన ఎంతో తెలియదు, మీరు ఇచ్చినట్టు రుజువూ ఉండదు.