ఆకుపచ్చ కణంలో ఎర్రమచ్చను వెతకడం

మా పెరట్లో ఒకప్పుడు గేదె నీళ్లు తాగిన సిమెంటు తొట్టి ఉంది. గేదె పోయింది, తొట్టి మిగిలింది. ఉద్యోగ విరమణ తరువాత అందులో నాచు పెంచుతున్నాను. నాచు అంటే నూతి గట్టున కాలు జార్చేది కాదు. నీటినంతా పచ్చగా మార్చే ఏకకణ జీవులు. శివరాత్రి వెళ్లిన వారానికి, చిక్కటి గోంగూర పులుసులా ఉన్న ఆ నీరు నాలుగు రోజుల్లో పలచటి టీ రంగుకు తిరిగింది. ఎండ ముదిరింది కదా అని సరిపెట్టుకోబోయాను. ముప్పై ఏళ్లు పిల్లలకు వృక్షశాస్త్రం ప్రాక్టికల్స్ చేయించినదాన్ని, ఒక్క చుక్క కూడా చూడకుండా ఎండ మీద నెపం వేస్తే ఏం బాగుంటుందని మైక్రోస్కోపు దుమ్ము దులిపాను.

కణాలలో సగానికి సగం వెలిసిపోయి ఉన్నాయి. ఒక్కోదాని మధ్య ఒక ఎర్రటి మచ్చ. అది ఏమిటో, మీ కుంటలోనో తొట్టిలోనో అలాంటిది ఉంటే ఎలా పట్టుకోవాలో చెబుతాను.

ఏం వెతుకుతున్నామో ముందు తెలియాలి. ఆ మచ్చను మిగిల్చేవి పరాన్నజీవులు, బూజుకు దాయాదులు. కంటికి కనబడవు, నాచు కణాన్నే ఇల్లుగా చేసుకుని దాన్నే తిని బతుకుతాయి. మన నీళ్లలో వెతకదగ్గవి ముఖ్యంగా రెండు రకాలు. కైట్రిడ్ కణం గోడ మీద బయట కూర్చుని, సన్నని వేళ్లను లోపలికి దించి సారం పీలుస్తుంది. అఫెలిడ్ అలా కాదు, మొత్తంగా లోపలికి దూరుతుంది. ఒకటి గొట్టం వేసి కొబ్బరినీళ్లు తాగే రకం, రెండోది కాయలోకే దిగి కొబ్బరి నమిలే రకం అనుకోండి. లోపలికి దిగే పద్ధతి చూడముచ్చటగా ఉంటుంది. బీజం కణానికి అంటుకుని చుట్టూ పెంకు కట్టుకుంటుంది, గోడకు సన్నని కన్నం పెడుతుంది. ఆ తరువాత పెంకులో వెనకవైపు ఒక నీటితిత్తి ఉబ్బి, పరాన్నజీవిని ఆ కన్నంలో నుంచి లోపలికి నెట్టేస్తుంది. లోపల అది అమీబాలా మారి, పచ్చటి సరుకును ముద్దలు ముద్దలుగా మింగుతుంది. అరగని చెత్తంతా ఒకచోట గట్టిపడి ఎర్రటి గోధుమరంగు మచ్చగా మిగులుతుంది. మనకు కావలసిన ఆనవాలు అదే.

అఫెలిడ్‌ను 1885లోనే జర్మనీకి చెందిన జోఫ్ వర్ణించాడు. 2014లో రష్యా శాస్త్రవేత్త కార్పోవ్, ఆయన సహచరులు అఫెలిడ్లను, రోజెల్లాను, ఎక్కువగా జంతువుల కణాల్లో బతికే మైక్రోస్పోరిడియాను ఒకే పెద్ద కుటుంబంగా ప్రతిపాదించారు. రోజెల్లా మరీ ఘనమైనది, నీటిబూజు లోపల కాపురం పెట్టే బూజు. దాని జోలికి ఇప్పుడు వెళ్లను, వెళితే ఈ వ్యాసం తేలదు.

ఇక పని. వెడల్పు మూతి గాజు సీసాలో సగం వరకే నీళ్లు పట్టండి. మూత బిగించవద్దు, ఎండలో పెట్టవద్దు. పలచటి నూలు గుడ్డలో వడకట్టండి, లేకపోతే నీటిపురుగులు మీ నాచును మీకన్నా ముందే తినేస్తాయి. ఎత్తయిన గ్లాసులో గంటసేపు కదపకుండా ఉంచి, డ్రాపరుతో అడుగు నుంచి ఒక చుక్క తీయండి. జబ్బుపడ్డ కణాలు అడుగుకే చేరడం నేను ఎక్కువగా చూశాను. రేపు చూద్దాంలే అనుకుంటే పనికిరాదు, నీళ్లు తెచ్చిన రోజునే చూడాలి.

చుక్క చిన్నది వేయండి. పైన కప్పే పలచటి గాజుముక్క, అదే కవర్‌స్లిప్, దాని కింద నీళ్లు ఎక్కువైతే కణాలు ఈదులాడుతూ ఒక్క స్థాయిలో నిలవవు. స్లిప్ నాలుగు అంచులకూ అగ్గిపుల్లతో వ్యాసిలిన్ రాయండి. ఇది చిన్న పని అని వదిలేయకండి; వ్యాసిలిన్ లేని స్లైడు అరగంటలో ఎండిపోతుంది, మనకు కావలసినదేమో గంటల తరబడి చూపు. మధ్యలో లేచి వెళ్లాలంటే తడిపిన కాగితం పరిచిన మూత గిన్నెలో స్లైడును పెట్టి వెళ్లండి.

కాలేజీ ల్యాబుల్లో ఉండే మామూలు మైక్రోస్కోపు చాలు. కంటి దగ్గరి కటకం (ఐపీస్) 10, స్లైడు దగ్గరిది (ఆబ్జెక్టివ్) 40, మొత్తం 400 రెట్లు. ఖరీదు కన్నా ముఖ్యమైనది స్లైడు పెట్టే స్టేజీ కింద ఉండే, వెలుగును తగ్గించి పెంచే డయాఫ్రమ్. కొత్తవాళ్లందరూ దాన్ని బార్లా తెరిచి వెలుగు ముంచెత్తుతారు. ఈ జీవులు గాజులా పారదర్శకం, అంత వెలుగులో మాయమైపోతాయి. డయాఫ్రమ్‌ను సగం పైగా మూయండి. అంచులు నల్లటి గీతలా తేలతాయి. కొలత కోసం ఐపీస్ మీద 10/18 అని ఉందేమో చూడండి. ఆ 18ని 40తో భాగిస్తే 0.45 మిల్లీమీటర్లు, అంటే మీకు కనబడే గుండ్రటి వెలుగు అడ్డంగా 450 మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్). అందులో పక్కపక్కన 45 కణాలు పట్టేటట్టుంటే ఒక్కో కణం 10 మైక్రాన్లు.

ఇప్పుడు పోల్చుకోవడం. కైట్రిడ్ అయితే కణం బయట గోడకు చెంబు తగిలించినట్టు ఒక స్వచ్ఛమైన గుండు ఉంటుంది. అఫెలిడ్ అయితే బయట చెప్పుకోదగ్గ ఆకారం కనబడదు. పచ్చదనం ఒక మూలకు నక్కి, మిగతా చోటంతా రంగులేని ముద్ద, అందులో ఒక ఎర్రమచ్చ. ముసలి నాచు కణం కూడా ఆకలికి నారింజరంగు తిరుగుతుంది, కానీ ఆ రంగు కణమంతా పరుచుకుంటుంది. పరాన్నజీవి మిగిల్చినది ఆవగింజలా ఒక్కచోట ఉంటుంది.

నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. మా తొట్టిలో ఉన్నది సెనెడెస్మస్, నాలుగేసి కణాలు బల్లమీద పిల్లల్లా వరుసగా కూర్చునే నాచు. మొదటిరోజు ఒక కణంలో నాలుగు బుల్లి ఆకారాలు కనబడగానే "దొరికింది" అని చంకలు గుద్దుకున్నాను. అవి దాని సొంత పిల్లలే! తల్లికణం లోపలే అవి వరుసగా తయారవుతాయి, పచ్చగానే ఉంటాయి. పరాన్నజీవి బీజాలకు పచ్చదనం ఉండదు, వరుసా ఉండదు. చుట్టూ దడదడలాడే చుక్కలు చూసి కూడా మోసపోకండి, చాలావరకు అవి నీటి అణువుల తాకిడికి ఊగే నలుసులు.

అనుమానం తీరాలంటే ఒకటే మార్గం. పది కణాలు చూడకండి, ఒక్క కణం దగ్గర కూర్చోండి. ఆ రోజు సాయంత్రం నాలుగింటికి నేనొక కణాన్ని ఎంచుకున్నాను. అప్పటికే పచ్చదనం లేదు, మచ్చ చుట్టూ నున్నటి ముద్ద. ఆరున్నరకు ముద్ద మీద గీతలు పడ్డాయి, మెంతికాయలో గింజలు తేలినట్టు. తొమ్మిదింటికి విడివిడి గుళికలు. అన్నం తిని వచ్చేసరికి అవి లోపల మెల్లగా దొర్లుతున్నాయి. పదకొండు దాటాక గోడలోని కన్నం దగ్గర ఒకటి సాగి, నడుము సన్నబడి, బయటికి జారింది. దాని వెనక మరొకటి. తోకతో ఈదలేదు, పాకాయి. చివరికి ఖాళీ గోడ, ఎర్రమచ్చ మాత్రమే మిగిలాయి. పాకే బీజాలు అమీబోఅఫెలిడియం అనే ప్రజాతి లక్షణం. తోకతో ఈదితే వేరే ప్రజాతిని అనుమానించాలి. జాతి పేరు మాత్రం డీఎన్ఏ చూడకుండా కంటితో తేల్చేది కాదు, ఎవరైనా తేల్చి చెబితే నమ్మకండి.

ప్రాణంతో చూడడం అయ్యాకే రంగు వేయండి. స్లిప్ అంచున ఒక చుక్క పలచటి అయోడిన్ పెట్టి, ఎదురు అంచున బ్లాటింగ్ కాగితం ఆనిస్తే లోపలికి లాగుతుంది. ఆరోగ్యంగా ఉన్న కణంలో పిండిపదార్థం నల్లబడుతుంది, తినేసిన కణంలో నల్లబడడానికి ఏమీ ఉండదు.

తరువాత లెక్క. రోజూ 200 కణాలు లెక్కపెట్టి, అందులో ఎన్ని జబ్బుపడ్డాయో రాసుకోండి. ఇంగ్లండులో విండర్‌మియర్ సరస్సు మీద హిల్డా కాంటర్, జాన్ లండ్ 1940లలో మొదలుపెట్టి చేసినది ఇలాంటి లెక్కే. ఆస్టెరియొనెల్లా అనే డయాటమ్ (గాజులాంటి గోడ ఉండే ఏకకణ నాచు) సంఖ్య పడిపోవడంలో కైట్రిడ్ల చేయి ఉందని అలా బయటపడింది. నా పుస్తకంలో సోమవారం 200కి 31, బుధవారం 118. శుక్రవారం లెక్కపెట్టడానికి మంచి కణాలే సరిగా దొరకలేదు.

తొట్టికి మందేమీ వేయలేదు. వీటిలో చాలావాటికి మందపు గోడ కట్టుకుని గడ్డుకాలం గడిపే బీజాలు ఉంటాయి, నీళ్లు మార్చినంత మాత్రాన పోవు. మొత్తం పారబోసి, పీచుతో రుద్ది, తొట్టిని ఎండకు వదిలేశాను. జబ్బుకు ముందు పక్కకు తీసిన ఒక సీసా పచ్చనీళ్లు వంటింటి కిటికీలో ఉన్నాయి, మళ్లీ వాటితోనే మొదలు. ఆ సీసాకు విడిగా ఒక డ్రాపరు పెట్టి, పొరపాటున వేరేదానిలో ముంచకుండా దాని మెడకు ఎర్రదారం కట్టాను.