సూర్యుడి పక్కన ఇంకో సూర్యుడా? ముందు స్కేలు తీయండి

కావలిలో మాది చిన్న ఫోటో స్టూడియో. తుమ్మలపెంట బీచ్‌లో పొద్దు పొడుపు తీసుకొచ్చిన కుర్రాళ్లు ఫోన్ చూపించి, "అన్నా, ఈ పచ్చ చుక్క ఏంది? వేరే గ్రహమా?" అంటారు.

క్రాప్ చేయని ఫోటో తీసుకోండి. మూల నుంచి మూలకు రెండు గీతలు గీస్తే అవి కలిసేదే నడిమధ్య. సూర్యుడి నుంచి దాని మీదుగా స్కేలు పెట్టండి. చుక్క దాదాపు ఆ గీత మీదే ఉందా? అయితే అది లెన్సు అద్దాల మధ్య తిరగబడ్డ వెలుగు. బీచ్‌లోనే అనుమానమొస్తే ఫోన్ కాస్త తిప్పండి, సూర్యుడు ఫ్రేములో ఎడమకి జరిగితే చుక్క కుడికి పరిగెడుతుంది.

నల్ల చుక్క సంగతి వేరు. సూర్యుడు ఫ్రేములో ఎక్కడున్నా చుక్క ఒకే చోట ఉంటే, సెన్సార్ (కెమెరా లోపల వెలుగు పట్టే పలక) మీద దుమ్మే. నేనొకసారి అది సూర్యుడి మచ్చ అనుకుని పెద్ద ప్రింటు వేసి గోడకు తగిలించా. తర్వాత పెళ్లికూతురి నుదుటి పక్కన కూడా అదే చుక్క! నిజమైన మచ్చైతే సూర్యుడితోపాటే కదులుతుంది, మర్నాటికి కొంచెం పక్కకు జరిగి ఉంటుంది. (సోలార్ ఫిల్టర్ లేకుండా వ్యూఫైండర్‌లోంచి సూర్యుణ్ణి చూడొద్దు, కళ్లు పోతాయి.)

సూర్యుణ్ణి గమనించడానికి 1995లో పంపిన సోహో అంతరిక్ష నౌక ఫోటోల్లో గ్రహాలకు రెండు పక్కలా రెక్కలు కనిపిస్తాయి. ఎగిరే పళ్లేలేం కావు. వెలుగు ఎక్కువై సెన్సార్‌లో పక్క గళ్లలోకి పొర్లిన విద్యుత్తు అది. తెల్ల గీరలైతే అంతరిక్ష కణాలు తగిలినవి, తర్వాతి ఫోటోలో ఉండవు.