క్యారవాన్‌లో వైఫై అందకపోతే: సమస్య - పరిష్కారం

బెంగళూరులో క్యారవాన్ అద్దెకు తీసుకుని, దేవనహళ్లి దాటి నంది కొండల వైపు ఏదో ఒక తోటలో బండి నిలిపి నాలుగు రోజులు గడపడం మా ఇంట్లో అందరికీ ఇష్టం. కిందటిసారి రెండో రోజే చిక్కు వచ్చింది. అనంతపురం నుంచి అమ్మ మనవరాలిని చూడాలని వీడియో కాల్ చేస్తే సగం మాటలే వినిపించాయి. పరికరాలు కొనడానికి పరుగెత్తే ముందు లోపం ఎక్కడుందో పట్టుకోవాలని ఆ రోజు నాకు బాగా అర్థమైంది.

ముందుగా ఫోను తీసుకుని తోటవారి రౌటర్ ఉన్న గది దగ్గరికి నడవండి. అక్కడ కూడా నెమ్మదిగానే ఉంటే లోపం వారి ఇంటర్నెట్ లైనుది. మీరు ఎంత పెద్ద యాంటెన్నా బిగించినా ప్రయోజనం ఉండదు. అక్కడ వేగంగా ఉండి బండి దగ్గర మందగిస్తే మాత్రం కింద చెప్పేవి పనికొస్తాయి.

సమస్య: బండి బయట బాగుంది, లోపలికి రాగానే పడిపోతోంది.

దీనికి కారణం బండి ఒంటి రేకు. అల్యూమినియం అయినా ఉక్కు అయినా రేడియో తరంగాలను వెనక్కి తిప్పికొడుతుంది. అవి ప్రధానంగా కిటికీల గుండానే లోపలికి వస్తాయి. అద్దాలకు లోహం కలిసిన ఎండ ఫిల్మ్ అంటించి ఉంటే ఆ దారి కూడా ఇరుకవుతుంది.

ఆండ్రాయిడ్ ఫోనులో వైఫై బలాన్ని అంకెల్లో చూపే యాప్ పెట్టుకోండి. మైనస్ 50 అంటే చాలా బలం, మైనస్ 67 దాకా వీడియో కాల్ సాఫీగా సాగుతుంది, మైనస్ 80 దగ్గర తెగిపోవడం మొదలవుతుంది. ప్రతి 3 అంకెల తగ్గుదలకు అందే శక్తి సగమవుతుంది. మా బండి వంటగది గోడ రౌటర్ వైపు ఉన్నప్పుడు మైనస్ 81 చూపింది. బండిని తిప్పి పెద్ద కిటికీని అటు ఉంచగానే మైనస్ 69 అయింది. పన్నెండు అంకెల తేడా, అంటే పదహారు రెట్ల శక్తి, రూపాయి ఖర్చు లేకుండా! అందుకే బండి నిలిపేటప్పుడే నీడతో పాటు ఇది కూడా చూసుకోమని అందరికీ చెబుతున్నాను.

అదీ చాలకపోతే చిన్న ట్రావెల్ రౌటర్ కొనండి. అది తోట వైఫైని అందుకుని, బండిలో మీ సొంత వైఫైగా పంచుతుంది. చాలామంది దాన్ని లోపల మంచం పక్కన, అంటే సిగ్నల్ ముందే చచ్చిపోయిన చోట పెడతారు. కిటికీ అంచున పెట్టాలి. ఒకే రేడియో (సిగ్నల్ పంపి, అందుకునే భాగం) ఉన్న రకమైతే వేగం దాదాపు సగమవుతుంది కనుక రెండు బ్యాండ్లున్నది, అంటే 2.4, 5 గిగాహెర్ట్జ్ తరంగాలు రెండింటిలోనూ పనిచేసేది తీసుకోండి. తోటవారి వైఫై లాగిన్ పేజీ అడిగితే, ఫోనును ట్రావెల్ రౌటర్‌కు కలిపి అందులోనే ఆ పేజీ తెరవండి. ట్రావెల్ రౌటర్‌ను బండి 12 వోల్టుల బ్యాటరీకి నేరుగా తగిలించకండి. ఛార్జింగ్ అవుతున్నప్పుడు ఆ బ్యాటరీ 14 వోల్టులు దాటుతుంది. మధ్యలో వోల్టేజి నిలకడగా ఉంచే కన్వర్టర్ ఉండాలి.

సమస్య: గీతలు నిండుగా ఉన్నాయి, పేజీ మాత్రం తెరుచుకోదు.

రౌటర్ గొంతు పెద్దది, ఫోను గొంతు చిన్నది. దాని మాట మీకు వినిపిస్తుంది, మీ మాట దానికి చేరదు. రౌటర్ వైపు గురిపెట్టే డైరెక్షనల్ యాంటెన్నా రెండు వైపులా మేలు చేస్తుంది. సన్నని యాంటెన్నా తీగ పొడవు పెరిగేకొద్దీ సిగ్నల్‌ను తినేస్తుంది. అందుకే యాంటెన్నా, రేడియో కలిసి ఉన్న పరికరాన్నే బండి పైన బిగించి, ఈథర్నెట్ తీగను లోపలికి దించడం మంచిది. ఆ తీగ 100 మీటర్ల దాకా నష్టం లేకుండా పనిచేస్తుంది.

రాత్రి అందరూ బండ్లలోకి చేరాకే ఇలా అవుతుంటే కారణం రద్దీ. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌ను ఛానళ్లు అనే దారులుగా విభజిస్తారు; వాటిలో ఒకదానితో ఒకటి కలవనివి 1, 6, 11 మాత్రమే. ఖాళీగా ఉన్నదానికి మార్చమని తోటవారిని అడగండి. దగ్గరలో ఉంటే 5 గిగాహెర్ట్జ్ వాడండి, దూరం పెరిగితే 2.4 నయం. మైక్రోవేవ్ పొయ్యి, యూఎస్‌బీ 3 హార్డ్ డిస్కు 2.4ను చెడగొడతాయి. వాటిని రౌటర్‌కు దూరంగా ఉంచండి.

సమస్య: వాన పడ్డాక పడిపోయింది.

తడిసిన ఆకులు సిగ్నల్‌ను పీల్చేస్తాయి. మామిడి కొమ్మల కింద నుంచి బండిని జరపండి. మధ్యలో పెద్ద రాతిబండ ఉంటే చోటు మార్చడం తప్ప దారి లేదు.

ఇవేవీ కుదరకపోతే సిమ్ వేసే 4జీ లేదా 5జీ రౌటర్ తెచ్చుకోండి. రేకు దానికీ అడ్డమే కనుక, దాని చోటు కూడా కిటికీ దగ్గరే.