స్క్విడ్ ప్రాక్సీకి ట్రాఫిక్ మళ్లించే ముందు జాగ్రత్తలు

స్క్విడ్ అంటే నెట్‌వర్క్‌లోని వాళ్ల వెబ్ అభ్యర్థనలను మధ్యలో అందుకుని, తెచ్చిన పేజీలను మళ్లీ వాడేందుకు దాచిపెట్టే (కాష్ చేసే) ప్రాక్సీ సాఫ్ట్‌వేర్. పాత ఫైర్‌వాల్ నియమాలను, స్క్విడ్ కాన్ఫిగరేషన్ ఫైలును ముందే వేరే చోట దాచుకోండి. సర్వర్ ఎదుట కూర్చునే వీలు లేకపోతే ఈ పనికి పూనుకోకండి. ఒక్క తప్పు నియమంతో లాగిన్ దారే మూసుకుపోతుంది.

– 80వ పోర్టు (గుప్తం కాని వెబ్) ట్రాఫిక్‌ను స్క్విడ్ మామూలు పోర్టు 3128కి కాక, ఇంటర్‌సెప్ట్ (బ్రౌజర్‌లో ఏ మార్పూ లేకుండా మధ్యలో అందుకోవడం) కోసం తెరిచిన 3129 లాంటి వేరే పోర్టుకు మళ్లించండి. ఆ నియమం నుంచి ప్రాక్సీ సర్వర్‌ను మినహాయించారా? లేకపోతే అది పంపిన అభ్యర్థన మళ్లీ దాని దగ్గరికే వచ్చి సుడిగుండంలా తిరుగుతుంది. అన్నిటికంటే ఇదే ముఖ్యం.

– స్క్విడ్ అనుమతి నియమాల్లో మొదట సరిపోలినదే అమలవుతుంది. ముందు లోపలి నెట్‌వర్క్‌కు అనుమతి, చివర అందరికీ నిరాకరణ. స్క్విడ్ రెండు పోర్టులూ (3128, 3129) బయటికి మూసి ఉన్నాయో లేదో బయటి నుంచే పరీక్షించండి.

– 443వ పోర్టు (HTTPS) మీద గుప్తంగా వెళ్లే పేజీలు మామూలుగా కాష్ కావు. వాటిని కాష్ వల్ల ఆదా అయ్యే డేటా లెక్కలో కలపకండి.