కాలనీ పార్కులో తేనెటీగలకి, సీతాకోకచిలుకలకి తోట ఎలా వేయాలి?

విజయనగరంలో మీ కాలనీ పార్కులో ఓ మూల ఖాళీగా పడి ఉందా? పదిహేను అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు ఉంటే చాలు. గునపం పట్టుకునే ముందు వార్డు సచివాలయానికి వెళ్లి ఆ జాగా ఎవరి కిందికి వస్తుందో కనుక్కుని, అనుమతి కాగితం మీద తీసుకోండి. నోటిమాట నమ్మి మేం వేసిన మొదటి తోట కాలవ పనికొచ్చిన పొక్లెయిన్ కింద ఒక్క పూటలో పోయింది.

రోజుకి ఆరు గంటల ఎండ తగలాలి. తొలకరి పడ్డాక నేల తవ్వి, బాగా మాగిన పశువుల గెత్తం కలపండి. మొత్తం తవ్వేయకుండా ఓ గజం నేల అలాగే వదిలేయండి, మట్టిలో బొరియ చేసుకుని ఒంటరిగా బతికే తేనెటీగలకి అదే ఇల్లు. పక్కనే రెండు ఎండు వెదురు బొంగులు కడితే నల్ల తుమ్మెదలు తొలుచుకుని దిగుతాయి.

ఇక మొక్కలు. ఎక్కువమంది పొరపాటు చేసేది ఇక్కడే. నర్సరీకి వెళ్లగానే కళ్లు ముద్దబంతి మీద, ముద్దమందారం మీద పడతాయి. అందంగానే ఉంటాయి గానీ రేకలు ఎక్కువైన పూలలో తేనె, పుప్పొడి తక్కువ, ఉన్న కాస్తా ఈగకి అందదు. ఒంటిరేక బంతి, రేకమందారం, తులసి, నూరువరహాలు అడగండి. సీతాకోకచిలుకలు నిలవాలంటే అవి గుడ్లు పెట్టే మొక్కలూ ఉండాలి: కరివేపాకు, తంగేడు, జిల్లేడు. జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదం, పిల్లలకి అందకుండా వెనక వరసలో పెట్టండి.

కరివేపాకుని పురుగు తినేస్తోందని మా వీధి మామ్మ ఒకావిడ మందు డబ్బాతో వచ్చేసింది. ఆ పురుగే రేపు రెక్కలొచ్చి ఎగురుతుంది మామ్మా అని నచ్చజెప్పడానికి అరగంట పట్టింది. మందు మాత్రం అసలు కొట్టొద్దు.

ఆవుల కోసం చుట్టూ వెదురు తడక కట్టండి. తెల్లారకుండానే పూజకి పూలు కోసుకుపోయేవాళ్లకి తడక అడ్డు కాదు, గొడవపడ్డా లాభం లేదు. దారివైపు వాళ్ల కోసమే ఓ వరస ముద్దబంతి వేసేయండి, జూలైలో నాటితే దసరా వెళ్లగానే వచ్చే పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి పూలుంటాయి.

లోతు లేని పళ్లెంలో గులకరాళ్లు వేసి, వాటి తలలు పైకి కనిపించేలా నీళ్లు పోయండి, రెండు రోజులకోసారి మార్చండి, లేకపోతే దోమలు చేరతాయి. మొక్కలకి నీళ్లు పోసే వంతులు ఇంటింటికీ రాసుకోండి, ముఖ్యంగా ఏప్రిల్, మే నెలల్లో. వాట్సాప్ గ్రూపులో పెట్టడం కన్నా ఆ కాగితం పార్కు గేటుకి తగిలించండి, ఈరోజు ఎవరు ఎగ్గొట్టారో దారినపోయే అందరికీ కనిపిస్తుంది.