లాప్‌టాప్ ప్రాసెసర్ పోయిందా? వారంటీ క్లెయిమ్ దరఖాస్తు విధానం, జాబ్ షీట్ దగ్గర జాగ్రత్త

ముందే ఒక మాట. లాప్‌టాప్‌లో ప్రాసెసర్ నిజంగా పాడవ్వడం చాలా తక్కువ. ర్యామ్ పోతుంది, ఎస్ఎస్‌డీ పోతుంది, అడాప్టర్ పోతుంది, ఫ్యాన్ దుమ్ము పట్టి మొరాయిస్తుంది, ఇవన్నీ అయ్యాక ఎక్కడో చివర్లో వస్తుంది ప్రాసెసర్ వంతు. కానీ అది పోయినప్పుడు మాత్రం వారంటీ చేతిలో ఉన్నా జనం సర్వీస్ సెంటర్ నుంచి ఉత్త చేతులతో వెనక్కి వస్తున్నారు. మా తమ్ముడి లాప్‌టాప్ రెండుసార్లు "నో ఫాల్ట్ ఫౌండ్" (లోపమేమీ కనపడలేదు) అని తిరిగొచ్చింది, మూడోసారి అదే కౌంటర్‌లో అదే మెషీన్‌కి బోర్డు మార్చి ఇచ్చారు. మెషీన్ మారలేదు, వారంటీ మారలేదు, మారిందల్లా జాబ్ షీట్ మీద, అంటే లాప్‌టాప్ తీసుకునేటప్పుడు కౌంటర్‌లో రాసే కాగితం మీద, కంప్లైంట్ గడిలో రాసిన నాలుగు లైన్లు.

అసలు ఎవరికి అప్లై చేయాలి అనే దగ్గరే కొందరు నెల రోజులు పోగొట్టుకుంటున్నారు. ప్రాసెసర్ ఇంటెల్‌దో ఏఎమ్‌డీదో అయినా మీ వారంటీ మాత్రం లాప్‌టాప్ తయారుచేసిన కంపెనీతోనే. 2024లో ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లు వోల్టేజీ గొడవతో క్రాష్ అవుతున్నాయని పెద్ద వార్త అయింది కదా, అప్పుడు బాక్స్‌లో అమ్మిన డెస్క్‌టాప్ చిప్‌లకి వారంటీ ఇంకో రెండేళ్లు పెంచారు, అది చూసి లాప్‌టాప్ వాళ్లు కూడా ఇంటెల్‌కి రాసేశారు. ఆ సమస్య లాప్‌టాప్ చిప్‌లకి లేదని ఇంటెల్ అప్పుడే చెప్పింది, పైగా లాప్‌టాప్‌లో వచ్చిన చిప్ గురించి వాళ్లని అడిగితే మీ లాప్‌టాప్ కంపెనీ దగ్గరికే వెళ్లమంటారు. కాబట్టి ఆ మెట్టు ఎక్కి దిగే పని పెట్టుకోకండి.

ఇంకో సంగతి, ఇప్పటి లాప్‌టాప్‌లలో ప్రాసెసర్ ఊడదీసి పెట్టేది కాదు, బోర్డుకే సోల్డర్ చేసి ఉంటుంది. ఇంటెల్‌లో సాకెట్ ఉన్న లాప్‌టాప్ చిప్‌లు 4వ తరంతోనే ఆగిపోయాయి. అందుకే ప్రాసెసర్ పోయిందంటే వారంటీలో మదర్‌బోర్డు మొత్తం మారుస్తారు. దీన్లో మీకో ఊరట ఉంది. పోయింది ప్రాసెసరా, బోర్డు మీద దానికి కరెంటు ఇచ్చే సర్క్యూటా అని తేల్చాల్సిన బాధ్యత మీది కాదు, ఎటొచ్చీ మారేది ఒకటే పార్ట్. మీరు చూపించాల్సింది ఇది సాఫ్ట్‌వేర్ గొడవ కాదు, హార్డ్‌వేర్ ఎర్రర్, మళ్లీ మళ్లీ వస్తోంది అని, అంతవరకే.

మరి అది చూపించేది ఎలా. మొదట మీరు మార్చినవన్నీ వెనక్కి తిప్పండి. అండర్‌వోల్ట్ చేశారా (ప్రాసెసర్‌కి ఇచ్చే వోల్టేజీ తగ్గించారా), ఏదో టూల్‌తో పవర్ లిమిట్ పెంచారా, తీసేసి బయోస్‌ని (విండోస్ కంటే ముందు నడిచే, బోర్డులోని ప్రోగ్రామ్‌ని) డిఫాల్ట్‌కి పెట్టండి, కంపెనీ సైట్ నుంచి బయోస్ అప్‌డేట్ వేయండి. అండర్‌వోల్ట్ ఎక్కువైతే మంచి ప్రాసెసర్ కూడా పోయినదానిలాగే నటిస్తుంది. తర్వాత వేడి. లోడ్ పడితే 95, 100 డిగ్రీలకి పోయి స్పీడ్ తగ్గించుకోవడం లోపం కాదు, చిప్ తనని తాను కాపాడుకుంటోంది, చాలా ఇంటెల్ లాప్‌టాప్ చిప్‌లకి హద్దు 100 డిగ్రీలే. అలాగే స్పీడ్ 0.4 గిగాహెర్ట్జ్ దగ్గరో 0.8 దగ్గరో బిగుసుకుపోయి కదలట్లేదంటే ముందు అడాప్టర్‌ని అనుమానించండి, ఒరిజినల్ కాని అడాప్టర్ పెడితే కొన్ని లాప్‌టాప్‌లు కావాలనే అలా తొక్కిపెడతాయి. ర్యామ్‌ని మెమ్‌టెస్ట్86తో రాత్రంతా చూడండి, ఎందుకంటే జిప్ ఫైల్ విప్పుతుంటే ఎర్రర్ రావడం, ఇన్‌స్టాల్ సగంలో ఆగిపోవడం లాంటివి ప్రాసెసర్ వల్లా వస్తాయి, ర్యామ్ వల్లా వస్తాయి.

ఇవన్నీ బాగానే ఉండి ఇంకా రీస్టార్ట్ అవుతుంటే అప్పుడు విండోస్‌లో జరిగినవన్నీ నమోదయ్యే ఈవెంట్ వ్యూయర్ తెరవండి. విండోస్ లాగ్స్‌లో సిస్టమ్, ఫిల్టర్ కరెంట్ లాగ్, సోర్స్ దగ్గర డబ్ల్యూహెచ్ఈఏ-లాగర్ (WHEA-Logger, హార్డ్‌వేర్ ఎర్రర్లు నమోదు చేసేది). అక్కడ ఈవెంట్ నంబర్ చూడాలి, ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. 17 అని ఉంటే కంగారు పడక్కర్లేదు, అది మామూలుగా పీసీఐ ఎక్స్‌ప్రెస్ లైన్ (కార్డులని బోర్డుతో కలిపే దారి) మీద దానంతటదే సర్దుకున్న ఎర్రర్, వైఫై కార్డో ఎస్ఎస్‌డీయో కారణం అవుతుంది, దాన్ని పట్టుకుని ప్రాసెసర్ పోయిందంటే కౌంటర్‌లో నవ్వుతారు. 18 అని ఉంటే అది సర్దుకోలేని ఎర్రర్, తెరిచి చూస్తే కాంపోనెంట్ దగ్గర ప్రాసెసర్ కోర్ (ప్రాసెసర్ లోపల లెక్కలు చేసే ఒక్కో భాగం) అనీ, రకం దగ్గర క్యాష్ హైరార్కీ ఎర్రర్ లాంటిదీ, కింద అది ఏ కోరో చెప్పే ప్రాసెసర్ ఏపీఐసీ ఐడీ అని ఒక నంబరూ కనిపిస్తాయి. మా తమ్ముడి దాంట్లో పదకొండు ఎంట్రీలు, పదకొండింటిలోనూ ఆ ఐడీ ఒకటే. అంటే ప్రతిసారీ తప్పుతున్నది ఒకే కోర్. విండోస్ పాడైతే ప్రతిసారీ ఒకే కోర్‌ని వెతుక్కుంటూ పోదు కదా.

దీనికి తోడు ప్రైమ్95 అని పెద్ద ప్రధాన సంఖ్యలు వెతకడానికి 1996 నుంచి వాడుతున్న ప్రోగ్రామ్ ఒకటుంది, అది ప్రతి కోర్‌కీ లెక్కలిచ్చి జవాబు సరిచూస్తుంది, తప్పొస్తే రౌండింగ్ 0.5 వచ్చింది 0.4 కంటే తక్కువ రావాలి అని ఎర్రర్ లైన్ వేసి ఆ కోర్ పని ఆపేస్తుంది. ఆ స్క్రీన్ ఫోటో తీసి పెట్టుకోండి. కానీ కంపెనీ వాళ్లు మీ ప్రైమ్95ని పెద్దగా లెక్కచేయరు, వాళ్లకి వాళ్ల టెస్టే ప్రమాణం. కాబట్టి బూట్ అయ్యే ముందు వచ్చే కంపెనీ డయాగ్నస్టిక్స్ తప్పకుండా నడపండి, హెచ్‌పీలో ఎఫ్2, డెల్‌లో ఎఫ్12 నొక్కి డయాగ్నస్టిక్స్, థింక్‌ప్యాడ్‌లో ఎఫ్10. క్విక్ టెస్ట్ కాదు, ఎక్స్‌టెన్సివ్. ఫెయిల్ అయితే ఒక కోడ్ వస్తుంది, హెచ్‌పీలో అది 24 అక్షరాల ఫెయిల్యూర్ ఐడీ, ఆ కోడ్ ఉంటే సగం పని అయిపోయినట్టే. అసలు ఆన్ కాని లాప్‌టాప్ అయితే లైట్ మెరుపులు లెక్కపెట్టండి, డెల్‌లో చాలా మోడళ్లలో రెండు ఆరెంజ్, ఒక తెలుపు మెరిస్తే ప్రాసెసర్ ఫెయిల్యూర్ అని అర్థం. వీడియో తీయండి.

టెస్ట్ పాస్ అయితే? బెంబేలు పడొద్దు. అప్పుడప్పుడు వచ్చే లోపం అరగంట టెస్ట్‌లో దొరక్కపోవచ్చు. అందుకే లాగ్ కావాలి.

ఇక దరఖాస్తు. కంపెనీ సపోర్ట్ సైట్‌లో సీరియల్ నంబర్ కొడితే వారంటీ ఎప్పటిదాకా ఉందో చూపిస్తుంది, వెనకాల స్టిక్కర్ అరిగిపోతే బయోస్ మొదటి పేజీలో అదే నంబర్ ఉంటుంది. అక్కడ వారంటీ మీరు కొన్న తేదీ నుంచి లెక్కేసిన దానికంటే ముందే అయిపోయినట్టు చూపిస్తే అది అమ్మినవాళ్ల దగ్గర స్టాక్‌లో ఉన్న రోజులు కలిపేయడం వల్ల కావచ్చు, బిల్లు అప్‌లోడ్ చేసి తేదీ సరిచేయమని అడిగే వీలు ఉంటుంది, బిల్లు మీద సీరియల్ నంబర్ లేకపోతే అమ్మినవాళ్ల దగ్గర వేయించుకోండి. రిక్వెస్ట్ పెట్టడం, కేస్ నంబర్ రావడం, ఇవి ఫోన్ రీచార్జ్ చేసినంత సులువు, వీటి గురించి చెప్పను.

ఒక్కటి మాత్రం చెప్పాలి. కస్టమర్ కేర్ నంబర్ సెర్చ్‌లో వెతక్కండి, పైన యాడ్‌లలో వచ్చే నంబర్లలో నకిలీవి ఉంటున్నాయి, అందులో ఒకాయన రిమోట్ యాప్ వేయించుకుని "మీ వారంటీ యాక్టివేట్ చేయాలి, కొంచెం ఫీజు" అంటాడు. వారంటీ యాక్టివేట్ చేయడానికి ఫీజు అనేది ఉండదు. నంబర్ కంపెనీ సైట్‌లోంచో, డబ్బాలో వచ్చిన కాగితంలోంచో తీసుకోండి. అలాగే బయట ఎవరైనా "చిప్ రీబాల్ చేస్తా (వేడితో ఊడదీసి మళ్లీ అతికిస్తా), రెండు రోజుల్లో అయిపోద్ది" అంటే వారంటీ ఉన్నంతకాలం ఆ మాట వినకండి, ఒకసారి బోర్డుకి వేడి గాలి తగిలిందంటే సర్వీస్ వాళ్లకి చూడగానే తెలిసిపోతుంది.

ఫోన్‌లో మాట్లాడేటప్పుడు వాళ్లు దాదాపు తప్పకుండా చెప్పే మాట, విండోస్ రీసెట్ చేసి చూడండి అని. చేయండి, చేయకపోతే కేస్ ముందుకు కదలదు. కానీ చేసే ముందు ఈవెంట్ వ్యూయర్‌లో కుడిచేతి వైపు సేవ్ ఫిల్టర్డ్ లాగ్ ఫైల్ యాజ్ అని ఉంటుంది, దాంతో ఆ లాగ్‌ని పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి, విండోస్ ఫోల్డర్‌లోని మినీడంప్ ఫోల్డర్ (క్రాష్ వివరాలు ఉండేది) కూడా. రీసెట్ కొట్టగానే మీ పదకొండు సాక్ష్యాలూ గాల్లో కలిసిపోతాయి. రీసెట్ చేయకపోయినా ఆ సిస్టమ్ లాగ్ మామూలుగా 20 ఎంబీ దాటితే పాతవి చెరిగిపోతూ ఉంటాయి, కాబట్టి రేపు చూద్దాం అనుకోకండి. రీసెట్ అయ్యాక కూడా మళ్లీ ఈవెంట్ 18 వచ్చిందంటే మీ కేస్ ఇంకా గట్టిపడినట్టే.

ఇప్పుడు అసలు చోటు, జాబ్ షీట్. కౌంటర్‌లో మనిషి "ఏంటి ప్రాబ్లమ్" అంటాడు, మనం "అప్పుడప్పుడు ఆగిపోతోందండీ, హ్యాంగ్ అవుతోంది" అంటాం, అతను "సిస్టమ్ స్లో / హ్యాంగ్" అని కొట్టి ప్రింట్ తీసి సంతకం పెట్టమంటాడు, వెనక క్యూ ఉంటుంది, పెట్టేస్తాం. లోపల ఇంజినీర్ మనల్ని చూడడు, మన కథ వినడు, అతనికి కనపడేది ఆ మూడు ముక్కలే. స్లో అన్నారు కాబట్టి విండోస్ వేస్తాడు, అరగంట నడుపుతాడు, బాగానే ఉంది, నో ఫాల్ట్ ఫౌండ్. అతని తప్పు కూడా కాదు. ప్రాసెసర్ పోయింది మార్చండి అని రాయించినా పని జరగదు, మీరు జబ్బు పేరు చెప్తే వాళ్లు ఒప్పుకోరు, లక్షణాలు చెప్పాలి. మూడోసారి మేం రాయించింది ఇంచుమించు ఇది:

"దానంతటదే రీస్టార్ట్ అవుతోంది, 9 రోజుల్లో 11 సార్లు, ఖాళీగా ఉన్నప్పుడు కూడా. డబ్ల్యూహెచ్ఈఏ-లాగర్ ఈవెంట్ 18, ప్రాసెసర్ కోర్, ప్రతిసారీ ఒకే ఏపీఐసీ ఐడీ. విండోస్ రీసెట్ తర్వాత కూడా వచ్చింది. ర్యామ్ టెస్ట్ పాస్, బయోస్ డిఫాల్ట్. లాగ్ పెన్‌డ్రైవ్‌లో జత చేశాం, కనీసం 24 గంటలు లోడ్ మీద పరీక్షించగలరు."

గడిలో అంత పట్టదు అంటారు. అప్పుడు దాన్ని విడిగా ప్రింట్ తీసి కేస్ నంబర్ వేసి జత చేయండి, జాబ్ షీట్‌లో "అటాచ్‌డ్ లెటర్ చూడండి" అని ఒక్క ముక్క రాయించండి, అదే లెటర్ కేస్ ఈమెయిల్‌కి కూడా పంపండి. ఇది రాయకుండా సంతకం పెట్టకండి, వెనక ఉన్నవాళ్లు ఎంత విసుక్కున్నా సరే. డయాగ్నస్టిక్స్ కోడ్ ఉంటే దాన్ని మొదటి లైన్‌లోనే వేయండి.

అదే షీట్‌లో ఫిజికల్ కండిషన్ అని ఇంకో గడి ఉంటుంది. గీతలు, సొట్టలు, హింజ్ వదులు లాంటివి అక్కడ ఏం రాశారో చదవండి, వదిలేస్తే తర్వాత సీఐడీ అంటారు. పోలీసు సీఐడీ కాదు లెండి, కస్టమర్ ఇండ్యూస్డ్ డ్యామేజ్, అంటే మీ చేతుల్లోనే పాడైంది, వారంటీ వర్తించదు అని. ఇచ్చే ముందు అన్ని వైపులా ఫోటోలు తీసుకుంటే ఆ మాట మీదికి రాదు. నీళ్లో టీయో పడి ఉంటే మాత్రం దాచి లాభం లేదు, లోపల తడి తగిలితే రంగు మారే స్టిక్కర్లు చాలా మోడళ్లలో ఉంటాయి.

ఇంకా పెద్ద ప్రమాదం డేటా. బోర్డు మారితే దాని మీదున్న టీపీఎమ్ చిప్ (డ్రైవ్ తాళం చెవి దాచేది) కూడా మారిపోతుంది, అప్పుడు బిట్‌లాకర్‌తో, అంటే విండోస్ డ్రైవ్‌కి వేసే తాళంతో, ఉన్న మీ పాత డ్రైవ్ 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. నేను బిట్‌లాకర్ ఎప్పుడూ ఆన్ చేయలేదు అంటారు, కొత్త లాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే చాలాసార్లు అదే ఆన్ అయిపోతుంది, మీకు తెలియకుండానే. కీ మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉందో లేదో చూసి కాగితం మీద రాసుకోండి, ముఖ్యమైనవి బయట కాపీ చేసుకోండి, స్టోరేజ్ కూడా బోర్డుకే అతికించి ఉన్న మోడల్ అయితే పాత బోర్డుతో పాటే మొత్తం పోతుంది.

మళ్లీ నో ఫాల్ట్ ఫౌండ్ అని వస్తే గొడవ పడకుండా ఏ టెస్ట్ ఎంతసేపు నడిపారో సర్వీస్ రిపోర్ట్‌లో రాసివ్వమని అడగండి. ఇంటికి తెచ్చి మళ్లీ ఎర్రర్ రాగానే అదే కేస్ నంబర్ కింద రిపీట్ కంప్లైంట్ పెట్టండి, కొత్త కేస్ తెరవనివ్వకండి, కొత్తది తెరిస్తే కథ మళ్లీ మొదటికొస్తుంది. పాత కేస్ మీద రెండోసారి, మూడోసారి వచ్చిందంటే పైవాళ్ల దాకా వెళ్లమని అడగడానికి మీకు కాగితం బలం ఉంటుంది. ఈలోపు వారంటీ గడువు దాటిపోతుందేమో అని భయం ఉంటుంది, మొదటి కంప్లైంట్ గడువులోపే నమోదై ఉంటే ఆ షీటే మీ ఆధారం, పారేయకండి.

బోర్డు మార్చి ఇచ్చినప్పుడు సంతోషంలో బ్యాగ్‌లో వేసుకుని వచ్చేయకండి. కౌంటర్‌లోనే ఆన్ చేయించి బయోస్‌లోకి వెళ్లి చూడండి, కింద స్టిక్కర్ మీదున్న సీరియల్ నంబరే అక్కడా ఉండాలి. కొత్త బోర్డులో ఆ నంబర్ ఎక్కించడం మర్చిపోతే బయోస్‌లో ఆ చోటు ఖాళీగానో, వేరే నంబర్‌తోనో ఉంటుంది, తర్వాత కంపెనీ సాఫ్ట్‌వేర్ మీ మెషీన్‌ని గుర్తుపట్టదు. మా తమ్ముడి దాంట్లో ఖాళీగానే ఉంది, చూపిస్తే లోపలికి తీసుకెళ్లి పది నిమిషాల్లో ఎక్కించి తెచ్చారు.