దసరా వస్తున్నది, తాగుడు మానినోళ్లకు వంట నేర్పేటోళ్లు జర ఇది చదవుండ్రి

మొన్న మా పాలమూరుల రెండు నెలల సంది చుక్క ముట్టని ఒకన్న మళ్ల కల్లు దుకాణం కాడ దొరికిండు. ఏం తిన్నవే అన్నా అనడిగితే, పొద్దుగాల చాయ్ తాగిన, అంతే అన్నడు. బిర్యానీ మంచిగ వండుతడు, మేమే నేర్పినం. సాయంత్రం నాలుగింటికి కడుపుల ఏమేస్కోవాల్నో మాత్రం నేర్పలే.

పాత దోస్తులకు దూరముండు అని అందరు జెప్తరు, అది నేను మళ్ల జెప్ప. నా బాధంత పొద్దుగూకే యాళ్ల ఖాళీ కడుపు గురించే. ఆకలైతే చేతులు వణుకుతయి, చెమటొస్తది, ఊకెనే కోపమొస్తది, ఇన్నేండ్లు ఆ టైముకు మందే తాగిన మనిషికి అది ఆకలని తెల్వదు, ఒళ్లు మందు అడుగుతున్నది అనుకుంటడు. లివర్ దెబ్బతిన్నోళ్లకు ఒంట్ల చక్కెర నిల్వ గూడ సరిగ్గ ఉండదు, జల్దినే నీరసమొస్తది. అందుకే మొదటి క్లాసుల బిర్యానీ వద్దు. పది నిమిషాలల్ల ఒక్కడే చేస్కునేది నేర్పుండ్రి, పల్లీలేసిన అటుకులు, గుడ్డు, పెసరట్టు. బతుకమ్మ సత్తుపిండి ఉంటే రెండు ముద్దలు గట్టి జేబుల పెట్టి పంపుండ్రి.

శెనగ గుడాలు బలమే గానీ మొదట్ల వద్దు, తాగుతప్పుడు నంజుకునేటియి అవే, ఆ వాసనకే దుకాణం యాదికొస్తది. అవే శెనగలు కూర చేసి రొట్టెలకు పెట్టుండ్రి.

కల్తీ కల్లుల అల్ప్రాజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ అనే మత్తు మందులు కలుపుతరు, అలవాటైనోళ్లు ఒక్కసారే బంద్ జేస్తే ఫిట్స్ రావొచ్చు. ముందు దవాఖాన, తర్వాతనే వంట. ఫిట్స్ వస్తే 108కి ఫోన్ కొట్టుండ్రి.

నాలుగైదు రోజులు తిననోనికి ఇంటికాడ గ్లూకోజ్ ఎక్కియ్యకుండ్రి, ఒంట్ల బి1 విటమిన్ లేనప్పుడు చక్కెర పడితే మెదడు మీదికొస్తది, బి1 సూది ముందు పడాలె. ఒక్కసారే కడుపునిండ గూడ పెట్టకుండ్రి, కొంచెం కొంచెం.

తాగుడు మాన్పే గోలి తెల్వకుంట కూరల కలపకుండ్రి. అమ్మలు, అక్కలు, మీకే చెప్తున్న, కలపకుండ్రి. అది తెల్వక వాడు తాగితే పాణం మీదికి రావొచ్చు.

చేతులు వణికేటోనికి కత్తి ఇయ్యకుండ్రి. చేతులు తిమ్మిరున్నోళ్లకు వేడి తెల్వదు, మసిబట్ట ఇయ్యుండ్రి. మత్తు గోలీలేస్కున్నోన్ని పొయ్యి కాడ ఒక్కన్నే ఇడ్శిపెట్టకుండ్రి. ఆల్కహాల్ కలిసిన దగ్గు టానిక్ ఇంట్ల ఉంచకుండ్రి.

సాయంత్రం ఖాళీ కడుపుతోని బయటికి పంపకుండ్రి. పండుగ నాడు యాట కూర ఉడికేదాక ఆగుమనకుండ్రి, నాలుగింటికే రొట్టె పెట్టుండ్రి.